అపహృతల సమ్మతి

అపహరణ దోషమును నిర్ణయించునప్పుడు మొదట విచారింపవలసినది కొనిపోబడిన వ్యక్తి ఇచ్ఛ. మన పురాణకథలు ఈ భేదమును చక్కగా ఎఱుగును. శ్రీకృష్ణుడు విదర్భనుండి రుక్మిణిని రథముపై కొనిపోయెను. కాని అంతకుముందే ఆమె అగ్నిద్యోతనునిచేత సందేశము పంపియుండెను గనుక, తెలుగు గృహములలో ఆ ఘట్టము నేటికిని కల్యాణముగానే పారాయణమగుచున్నది. భీష్ముడు కాశీ స్వయంవరమునుండి అంబను కొనివచ్చుట అట్టిది కాదు. ఆమె మనసు సాల్వునియందున్నదని తెలిసినపిదప భీష్ముడు విడిచిపుచ్చెను. పరుడు జయించి కొనిపోయిన కన్యయని సాల్వుడు నిరాకరించెను. ఇరువురును ధర్మమునే పలికిరి. బుగ్గియైనది మాత్రము అంబ బ్రతుకు.

అంబకు వలెనే దేశవిభజన కాలమునను స్త్రీల ఇచ్ఛ లెక్కకు రాలేదు. పంజాబులో ఉభయ పక్షములవారును పరమత స్త్రీలను హరించుట శత్రుసమాజపు పరువు తీయుటకే గనుక, వారిని మరల రప్పించుటయు రెండు ప్రభుత్వములకును పరువు సమస్యయే అయ్యెను. 1947 డిసెంబరులో ఒడంబడిక కుదిరెను; సంఘసేవిక మృదులా సారాభాయి ప్రభృతులు ఆ కార్యమునకు పూనుకొనిరి; 1949లో భారతదేశమున ప్రత్యేక శాసనము వెలువడెను. 1947 మార్చి 1 మొదలు 1949 జనవరి 1కి పూర్వము కుటుంబమునుండి వేఱుపడి అన్యుల అధీనమున నివసించుచున్న ముస్లిములలో, 16 ఏండ్లు నిండని బాలుడును, ఏ వయస్సు స్త్రీయైనను అపహృతులేయని అది నిర్వచించెను. 1860 నాటి శిక్షాస్మృతి బలముచేతగాని వంచనచేతగాని ఒకరిని కదలించుటనే అపహరణమనెను. మైనరుల విషయమున మాత్రము సంరక్షకుని సమ్మతిని ప్రమాణముగా గొనెను. కొత్త శాసనము వయోజనలైన స్త్రీలనెల్ల ఆ మైనరుల పంక్తిలో కూర్చుండబెట్టెను. అపహృత యెవరో తేల్చు అధికారము ట్రిబ్యునలుకు చెందెను. శిబిర నిర్బంధమును ఏ న్యాయస్థానమునందును ప్రశ్నింపరాదని ఆ శాసనము విధించెను. 1952లో సుప్రీంకోర్టు సైతము ఆ శాసనమును సమర్థించెను.

బందీయైన స్త్రీ భయముచేత ‘ఇక్కడనే యుందు’ననవచ్చునను వాదమును త్రోసిపుచ్చజాలము, అనేకులు నిజముగా చెఱలోనే మ్రగ్గిరి, వారిని విడిపించుట పుణ్యకార్యమే. అయినను ఆ సందేహము ఆమెను నిర్భయస్థలమునకు చేర్చి, వ్యవధి నొసగి, మరల మరల అడుగుటకు కారణము కావలెనేకాని, ఆమె సమాధానమునకే విలువ లేకుండజేయుటకు కారాదు. అమృతా ప్రీతమ్ ‘పింజర్’ నవలలోని పూరో, పుట్టింటివారి యొద్దకు మరలిపోవు దారి తెఱచుకొనినప్పుడు, తన్నపహరించిన రషీదుతోనే నిలిచిపోవును. ఆ నిర్ణయము పాఠకునకు మ్రింగుడుపడకపోవచ్చును; కాని అది ఆమెది. శాసనము గుర్తింపనొల్లనిది అట్టి నిర్ణయమునే.

నేటికిని పెద్దలకు నచ్చని వివాహము చేసికొనిన యువతి విషయమున కిడ్నాపు కేసు పెట్టుట మనకు క్రొత్త గాదు. హెబియస్ కార్పస్ విచారణలో న్యాయమూర్తి ఆమెను ఎదుట నిలిపి, ఎక్కడికి పోదలచితివని అడుగవలెను. తండ్రికైనను, పోలీసుకైనను, ప్రభుత్వమునకైనను ఆ సమాధానము శిరోధార్యము కానంతకాలము, రక్షణ యను పేర జరుగునదియు మఱియొక అపహరణమే.