మంచీ చెడ్డా : ధర లేని హోటలు



ఈ నెల మన శీర్షికకి విషయం వెతుక్కోవలసిన పని లేకపోయింది. మన సంఘంలో మూడు కుటుంబాలవారు కలిసి ఊళ్ళో ఒక తెలుగు భోజన హోటలు పెడదామనుకుంటున్నారు. అందులో వింతేముందంటారా? ఆ హోటల్లో ధరల పట్టిక వుండదుట. కడుపునిండా తిని, వెళ్ళేటప్పుడు మనసుకి తోచినంత పెట్టెలో వేసి వెళ్ళవచ్చుట. "ఇలాంటిదానికి జనం వస్తారా? నిర్మొహమాటంగా రాయండి" అని వారే అడిగారు. పిల్లల చదువులకని దాచుకున్న డబ్బు ఇందులో పెట్టబోతున్నారు కనక, మెచ్చుకుని వూరుకోకుండా లెక్క చూడడమే స్నేహధర్మం.

ముందుగా ఒక తేడా చెప్పుకోవాలి. కోనసీమలోని లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరు వినని తెలుగువారు తక్కువ. 1909లో కన్నుమూసేదాకా ఆ తల్లి వేళ కాని వేళ వచ్చినవారికి కూడా అన్నం పెట్టింది. కాని ఆమెది అన్నదానం. ఆ ఇంటి వెనక సొంత పొలం పంట వుంది. వచ్చినవాళ్ళు అతిథులే గాని బేరగాళ్ళు కారు. మన మిత్రుల హోటలుకి నెల తిరిగేసరికి అద్దె, జీతాలు, ఇన్సూరెన్సు తయారుగా వుంటాయి. సీతమ్మ గారిని తలుచుకుని పొయ్యి వెలిగించవచ్చు. ఆమెని చూపించి లీజు మీద సంతకం మాత్రం పెట్టకూడదు.

ఇలాంటి హోటళ్ళు లోకంలో లేకపోలేదు. మలేసియాలో టెంపుల్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ అనే కళాసంస్థ వారు 1980లలో కౌలాలంపూరులో అన్నలక్ష్మి అనే శాకాహార హోటలు పెట్టారు. తిన్నంత తిని, తోచినంత ఇవ్వమన్నారు. తరవాత సింగపూరుకీ అది పాకింది. అక్కడి బలం ఏమిటంటే, వంటలోనూ వడ్డనలోనూ జీతం ఆశించని భక్తులు సాయం పట్టడం. ఆ దారి మనవాళ్ళకి లేదు. లాభం కోసం నడిపే వ్యాపారంలో జీతం ఇవ్వకుండా సేవ చేయించుకోవడాన్ని ఈ దేశపు 1938 నాటి కార్మిక చట్టం ఒప్పుకోదు. యజమానులు తామే గరిటె పట్టుకోవచ్చు గాని, సంఘ సభ్యుల చేత ఊరికే వడ్డింపించుకోవడం కుదరదు.

రెండోది వియన్నాలో 2005లో తెరిచిన డెర్ వీనర్ దీవాన్. పాకిస్తానీ కూరలు నాలుగైదు వండి వరసగా పెడతారు. ఎవరికి వారే వడ్డించుకోవాలి, తోచినంత ఇవ్వాలి. అయితే తాగే వాటికి మాత్రం ధర వుంది. వంటకాలు తక్కువ, వడ్డించేవాళ్ళ ఖర్చు తక్కువ, విశ్వవిద్యాలయం పక్కనే. అది నిలదొక్కుకుంది.

మూడోది మన అమెరికాలోదే. పనేరా సంస్థ 2010లో మిస్సోరీలోని క్లేటనులో పనేరా కేర్స్ పేరుతో ఇలాంటి దుకాణం తెరిచింది. తరవాత మరికొన్ని ఊళ్ళలోనూ పెట్టింది. వాళ్ళు చెప్పిన ప్రకారం, నూటికి 60 మంది సూచించిన ధరే ఇచ్చారు, 20 మంది ఎక్కువ ఇచ్చారు, 20 మంది తక్కువ ఇచ్చారు. మనుషుల మీద నమ్మకం పెంచే అంకెలే. అయినా ఒక్కొక్కటీ మూతపడుతూ వచ్చి, 2019లో బోస్టనులోదానితో ఆ కథ ముగిసింది.

ఇప్పుడు మన లెక్క. సులువుగా వుండడానికి అంకెలు నేనే వేసుకున్నాను. రోజుకి అద్దె, జీతాలు 500 డాలర్లు. భోజనానికి సరుకుల ఖర్చు 5 డాలర్లు. నూరు భోజనాలు లేస్తే మొత్తం ఖర్చు 1000. సూచించిన ధర 12 డాలర్లు అనుకుందాం. 60 మంది 12 చొప్పున, 20 మంది 15 చొప్పున, 20 మంది 5 చొప్పున ఇస్తే వచ్చేది 1120. మిగులు 120. సరే, మనవాళ్ళు కాస్త పొదుపరులు కదా! తక్కువ ఇచ్చేవాళ్ళు 20కి బదులు 40 అయ్యారనుకోండి, అందరూ ఇచ్చేవాళ్ళు 40కి దిగారనుకోండి. వచ్చేది 980. నష్టం 20 మాత్రమే.

అదే నూరుగురికి బదులు 60 మందే వచ్చారనుకోండి. మొదటి పద్ధతిలోనే, అంత ఉదారంగానే ఇచ్చినా, వచ్చేది 672. ఖర్చు మాత్రం 800. నష్టం 128. అంటే ఈ హోటలుని ముంచేది ఇవ్వనివాళ్ళు కాదు, రానివాళ్ళు!

కనక అసలు ప్రశ్న ఇది: ధర లేకపోవడం మనవాళ్ళని రప్పిస్తుందా, ఆపుతుందా? మొదటి నెల అందరూ వస్తారు, సందేహం లేదు. తరవాతే మొహమాటం మొదలవుతుంది. తెలిసినవాళ్ళ హోటలు, ఎంత వెయ్యాలో తెలియదు. తక్కువ వేస్తే ఏమనుకుంటారో, ప్రతిసారీ ఎక్కువ వెయ్యాలంటే నలుగురున్న సంసారానికి బరువు. "ఎందుకొచ్చిన గొడవ, ఇంట్లోనే ఇంత పప్పు వండుకుందాం" అనుకునే ఇళ్ళు మనలో చాలానే వున్నాయి. పిసినారితనం కాదిది. ఒకరికి ఋణపడకూడదన్న మన పెంపకం.

దీనికి మందు లేకపోలేదు. "ఈ భోజనానికి మాకయ్యే ఖర్చు ఇంత" అని గోడ మీద రాసి పెట్టండి. డబ్బు మూసిన పెట్టెలో పడాలి, ఆ దగ్గర యజమానులు నిలబడకూడదు. కాఫీకీ, మిఠాయిలకీ, ఇంటికి పట్టుకెళ్ళే పచ్చళ్ళకీ ధర పెట్టండి. పప్పు, కూర, పులుసు, పచ్చడి, పెరుగు, అంతటితో ఆపండి. నలభై రకాల జాబితా జోలికి పోవద్దు. అన్నిటికన్నా ముఖ్యం, మొదటే అయిదేళ్ళ లీజు రాసుకోవద్దు. ఆరోగ్య శాఖ అనుమతి వున్న వంటశాల ఒకటి అద్దెకి తీసుకుని, నెలకి రెండు శనివారాల చొప్పున ఆరు నెలలు నడిపి చూడండి. మొదటి రోజు జనాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. అయిదో నెలలో, చలిలో, తెలుగు రాని పొరుగువాళ్ళతో కలిపి ఎంతమంది వచ్చారో అదే అసలు లెక్క. మన కుటుంబాలని మాత్రమే నమ్ముకుంటే వారాంతాలు తప్ప తక్కిన రోజులు బల్లలు ఖాళీ.

ఇక మీ వంతు. "మంచి ఆలోచన" అని మాత్రం రాయకండి, ఆ మాట వాళ్ళకి ఇప్పటికే బోలెడుమంది చెప్పారు. నెలకి ఎన్నిసార్లు వెళతారో, ఇంటిల్లిపాదీ తింటే పెట్టెలో ఎంత వేస్తారో, రెండే రెండు అంకెలు కాగితం మీద రాసి, పేరు లేకుండా సంపాదకులకి పంపండి. కూడి ఆ మూడు కుటుంబాలకీ అందజేస్తాం. ఆ పిల్లల చదువుల డబ్బు కదిలేలోగా పంపితే మేలు.