కొత్త చిప్పు వస్తున్నదట... ఆగుదామా?

సిర్గాపూర్ లాంటి ఊళ్లో పిల్లాడు ఇంజినీరింగులో చేరితే ఫీజు తర్వాత పెద్ద ఖర్చు ల్యాప్‌టాప్‌దే. కందులో పత్తో అమ్మిన డబ్బది. తీరా కొనబోయే ముందు ఎవరో ఒకరు అంటారు... ‘జర ఆగరాదు, కొత్త చిప్పు వస్తున్నదట!’ అని.

ఇలా ఆగుతూపోతే కొనేదెప్పుడు? సొంత ప్రాసెసర్లతో కంప్యూటర్లు అమ్మే యాపిల్‌నే చూడండి. 2020 నవంబరులో ఎం1 తెచ్చింది. ఎం2కి 19 నెలలు పట్టింది, ఎం3కి 16 నెలలు. తర్వాత ఆరు నెలలు దాటాయో లేదో, 2024 మేలో ఐప్యాడ్‌లో ఎం4 ప్రత్యక్షం! 2025 అక్టోబరులో ఎం5. పేరు మారినంతగా సరుకు మారుతుందా అంటే ప్రతిసారీ కాదు. ఎం1, ఎం2 రెండూ 5 నానోమీటర్ల తరం పద్ధతిలో చేసినవే. ఎం3తో 3 నానోమీటర్లకు వెళ్లారు. ఎం4, ఎం5 దానికే మెరుగులు.

అలాగని మరీ నిదానిస్తే? ఈసీఐఎల్ అంటే మనకు బస్టాపే గుర్తొస్తుంది గానీ, ఆ హైదరాబాద్ సంస్థ 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటర్ తెచ్చింది. దాని తర్వాతి టీడీసీ-312 వచ్చింది 1974లో. ఈ మధ్యలోనే, 1971లో, ఇంటెల్ ప్రాసెసర్ మొత్తాన్నీ ఒక్క చిప్పులో ఇమిడ్చేసింది. మైక్రోప్రాసెసర్‌తో ఈసీఐఎల్ ‘మైక్రో-78’ చేసేసరికి 1978. ఐదేళ్ల విరామం అంత ఖరీదైనది.

నన్నడిగితే కంపెనీలకు రెండేళ్లకోసారి చాలు. ఫ్యాక్టరీ పద్ధతి మారినప్పుడు మార్చితే కొనేవాడికీ తేడా తెలుస్తుంది.

మరి మనం ఎప్పుడు ఆగాలి? చిప్పు జాతే మారేటప్పుడు. 2020లో మ్యాక్‌బుక్ ఎయిర్ రెండుసార్లు వచ్చింది... మార్చిలో ఇంటెల్ చిప్పుతో, నవంబరులో ఎం1తో. 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టాహో రెండోదానికి ఎక్కుతుంది, మొదటిదానికి ఎక్కదు! ఎనిమిది నెలలు ఆగినవాళ్లు గెలిచారు. ఎం3 నుంచి ఎం4కి ఆగినవాళ్లకు అంత లాభం లేదు.

ఇంజినీరింగు నాలుగేళ్లు. ఏ కంపెనీది కొన్నా సరే, షాపులో ‘లేటెస్టేనా?’ అనే బదులు ‘ఎన్నేళ్లు అప్‌డేట్లు వస్తాయి?’ అని అడగండి. ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చో లేదో కూడా. ఈ ఎం రకం మ్యాక్‌లలో ఆ వీలు లేదు.