బండికి కాదు, వేరుచేసిన చెత్తకు డబ్బు కట్టండి

శ్రీకాకుళం, విజయనగరం పట్టణ ప్రజలకు విజ్ఞప్తి

పొద్దున్నే విజిల్ వినబడగానే ఇల్లాలు తడి చెత్త ఒక బకెట్టు, పొడి చెత్త ఒక బకెట్టు పట్టుకుని వీధిలోకొస్తుంది. రెండూ ఒకే బండిలో, ఒకే కుప్పలో పడతాయి. "ఏటి బాబూ, ఇందుకేనా ఏరుచెయ్యమన్నారు?" అని అడిగితే ఆ కార్మికుడు మాత్రం ఏం చెప్పగలడు? తప్పు టెండరు కాగితంలో ఉంది.

మున్సిపాలిటీ బండికింతని నెల అద్దె కడితే కాంట్రాక్టరు బండి తిప్పుతాడు, అంతవరకే. టన్నుకింతని కడితే మరీ అన్యాయం. కాలువ మట్టి, నీళ్లోడే కొబ్బరి బొండాలు అన్నీ కాటా ఎక్కుతాయి. పక్కకు తీసిన ప్రతి అట్టపెట్టే అతని బిల్లులో కోత.

చెత్త వేరుచేయాలని 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలే చెప్పాయి. 2021 అక్టోబరు 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పథకం మొదలై ఆటోలొచ్చాయి, వెంటే చెత్త పన్నూ వచ్చింది. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి ఆ పన్ను రద్దు ప్రకటించారు. మంచిదే. కానీ గొడవంతా ఇంటికెంత వసూలన్న దాని మీదే సాగింది. కాంట్రాక్టరుకు దేనికి కడుతున్నామన్నది వెనకబడిపోయింది.

చేతకాని పనేం కాదిది. తడి, పొడి విడివిడిగా ఎత్తి, తడి చెత్తను వానపాములతో ఎరువు చేయించిన బొబ్బిలి మున్సిపాలిటీ మన పక్కనే ఉంది. పుణెలో చెత్త ఏరుకునే వాళ్లే 'స్వచ్ఛ్' సహకార సంఘం పెట్టుకుంటే, 2008లో నగరపాలక సంస్థ ఇంటింటి సేకరణ వాళ్లకే అప్పగించింది. మన డంపింగ్ యార్డుల్లో గోనెసంచులతో తిరిగే ఆడవాళ్లకు ఆ పని రాదా?

కాబట్టి వచ్చే టెండరులో బిల్లు వేరుచేసిన చెత్తకే చెల్లాలి. కలిపేసిన లోడుకు కోత పడాలి. తనిఖీకి శానిటరీ ఇన్‌స్పెక్టరుతో పాటు వార్డు మహిళా సంఘం సభ్యురాలు కూడా ఉండాలి. కార్మికుల జీతం, పీఎఫ్, ఈఎస్ఐ పోటీ ధరలో కలపకూడదు. తక్కువకు కోట్ చేసినవాడు మొదట కోసేది అక్కడే.

2021లో చాలా పట్టణాలకు ఎన్నికలు జరిగినా శ్రీకాకుళం కార్పొరేషన్‌కు జరగలేదు. అడిగే కార్పొరేటరే లేనిచోట టెండరు ముసాయిదాను వార్డు సచివాలయం గోడకు ముందే అంటించడం మరీ అవసరం. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో వార్డుకొక అర్జీ ఇవ్వండి. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టి, ఇప్పుడున్న ఒప్పందంలో చెల్లింపు షరతుల నకలు తీసుకోండి.