ఉప్పు కలిపితే సముద్రమవుతుందా?



ఉన్నత పాఠశాలలో ముప్పయ్యేళ్ళకు పైగా తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకొంటున్నవాణ్ణి. ఛందస్సు గూర్చియో సమాసాల గూర్చియో వ్రాయవలసిన పంతులు చేపల తొట్ల జోలికి ఎందుకు వచ్చాడా అని మీకు సందేహం కలుగవచ్చు. గత వేసవి సెలవుల్లో మా ఇంట రెండు చేపలు చనిపోయాయి. వాటిని పెరట్లో కరివేపచెట్టు మొదట పూడ్చిన తరువాత ఎనిమిదేళ్ళ మా మనుమడు, "తాతయ్యా, మనమేం తప్పు చేశాం?" అని అడిగాడు. బడిలో ఇన్నేళ్ళు ప్రశ్నలకు జవాబులు చెప్పినవాణ్ణి, ఆ ఒక్క ప్రశ్నకు నిరుత్తరుణ్ణయ్యాను. జవాబు కోసం కొన్ని నెలలు చదివాను, తెలిసినవారిని అడిగాను. ఈ టపా ఆ జవాబే. కొంత కోపంతోనే వ్రాస్తున్నాను, మన్నించండి.

నా వాదం ఇది. చేపల దుకాణదారులలో ఎక్కువమంది మంచినీటి తొట్టి కొనేవాడికి అక్కరలేని పరికరాలు అంటగడుతున్నారు. ఉప్పునీటి తొట్టి కొనేవాడికి లేకపోతే గడవని పరికరాల పేర్లైనా చెప్పడం లేదు. ఈ రెండు పనులకూ మూలం ఒకటే. మొదటివాడికి ఎంత ఎక్కువ చెబితే అంత అమ్ముడుపోతుంది. రెండవవాడికి ఉన్నదున్నట్లు చెబితే అసలే కొనడు. నిజాయితీగలవారు లేరనను. నాకు మాత్రం తటస్థపడలేదు.

జరిగినది చెబుతాను. మాది కాకినాడ. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' అనే బొమ్మల చిత్రాన్ని మా వాడు ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. నారింజ ఒంటిమీద తెల్లని పట్టెలున్న ఆ క్లౌన్ చేపే కావాలన్నాడు. దుకాణానికి వెళ్ళాము. "మాస్టారూ, సముద్రం మీ ఊళ్ళోనే ఉంది, మీకేం కష్టమండీ!" అన్నాడు యజమాని. నలభై లీటర్ల గాజుతొట్టి, అంచుకు తగిలించే చిన్న ఫిల్టరు, నీలిరంగు దీపం, ప్లాస్టిక్ పగడం, ఒక ఉప్పు పొట్లం, రెండు చేపలు ఇచ్చాడు. "నీరు తగ్గినప్పుడల్లా ఇదే ఉప్పు కలిపి పోయండి" అన్నది ఆయన ఇచ్చిన ఏకైక ఉపదేశం. మా కోడలు ఆ మాటను తు.చ. తప్పక పాటించింది. పదకొండవ రోజున ఒక చేప, పదమూడవ రోజున రెండవది పోయాయి.

ఇప్పుడు లెక్క వేద్దాం. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. నలభై లీటర్లకు 1400 గ్రాములు. మే నెల వేడికి, ఫ్యాను గాలికి రోజుకు ఒక లీటరు ఆవిరవుతుందనుకోండి. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. కనుక తగ్గిన మేరకు పోయవలసినది ఉప్పులేని శుద్ధమైన నీరు. మేము రోజూ పోసిన లీటరు ఉప్పునీటితో మరో 35 గ్రాములు చేరాయి. పది రోజులకు 350 గ్రాములు. అనగా లీటరుకు 35 ఉండవలసినది 44కు దగ్గరపడింది. ఐదవ తరగతి పిల్లవాడు చేయగల ఈ లెక్క ఆ వ్యాపారికి తెలియదా? తెలియకపోతే ఆ జీవులను అమ్మే అర్హత ఎక్కడిది? తెలిసీ చెప్పకపోతే దానిని ఏమనాలి?

మన భాషలో ఉప్పులేని నీటిని మంచినీరు అంటాము. మనకు మంచిది కనుక ఆ పేరు. చేపల లోకంలో ఈ విభాగం వేరు. మంచినీటి చేప ఒంట్లో ఉప్పు బయటి నీటికంటె ఎక్కువ. అందుచేత నీరు తనంతట తానే లోనికి చొరబడుతూ ఉంటుంది. ఆ చేప నీరు త్రాగే పని లేక, పలుచని మూత్రాన్ని విడుస్తూనే ఉంటుంది. సముద్రపు చేపకు ఉప్పు బయటనే ఎక్కువ. ఒంట్లోని నీరు బయటికి పోతూ ఉంటుంది. అది సముద్రాన్ని త్రాగుతుంది, మిగులు ఉప్పును మొప్పల గుండా బయటికి తోస్తుంది. బయట ఉప్పు పెరిగేకొద్దీ ఈ పని బరువెక్కుతుంది. రెండు ఇళ్ళకు ఒకే సామాను సరిపోతుందనడం ఎంత అవివేకమో చూడండి.

మంచినీటి తొట్టికి నిజంగా కావలసినవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. వీలైనంత పెద్ద తొట్టి, దానికి మూత, గాలిపంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు, కుళాయినీటిలోని క్లోరిన్‌ను విరిచే మందు, ఉష్ణమాపకం, అమ్మోనియా, నైట్రైట్ చూసుకొనే పరీక్ష సీసాలు, అడుగున చేరిన మలినాన్ని లాగే గొట్టం, ఒక బక్కెట్టు. మొక్కలు పెంచితే దీపం. అంతే. కాని దుకాణంలో ఏమంటారు? ఏడాదంతా చెమటలు పట్టే మా తీరాన హీటరు కొనమంటారు. డిస్కస్ వంటి సుకుమార జాతులకు తప్ప ఇక్కడ దానితో పనేమిటి? బంగారుచేపైతే అసలు చల్లదనాన్ని కోరే ప్రాణి! బుడగలు వదిలే బొమ్మ ఈతగాడు, రంగువేసిన గులకరాళ్ళు, వారానికొకసారి 'ముందుజాగ్రత్తగా' పోయమనే నీలిమందు — ఇవన్నీ కొనేవాడి సంతోషానికే గాని చేపకు ఒరిగేదేమీ లేదు.

డబ్బిచ్చి కొనలేని పరికరం ఒకటుంది. అది ఓర్పు. చేప విసర్జించేది ప్రధానంగా అమ్మోనియా, అది విషం. ఒక తెగ సూక్ష్మజీవులు దానిని నైట్రైట్‌గా, అదీ విషమే, వేరొక తెగవి దానిని హాని తక్కువైన నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ జీవులు కొత్త తొట్టిలో, ఫిల్టరులో తగినంతగా నెలకొనడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు చేప లేకుండా, కొద్దికొద్దిగా అమ్మోనియా అందిస్తూ తొట్టిని సిద్ధం చేయాలి. తొట్టినీ చేపనూ ఒకే రోజు ఒకే సంచిలో పెట్టి ఇచ్చేవాడు ఆ ఆరు వారాలను దొంగిలిస్తున్నాడు. ఉప్పునీటిలో ఈ దొంగతనం మరింత ప్రమాదకరం. సముద్రపు నీటి పి.హెచ్. 8.2 దాపున ఉంటుంది. అంతే అమ్మోనియా పి.హెచ్. 7 గల నీటిలో ఉన్నప్పటి కంటె ఇక్కడ విషరూపంలో ఉండే భాగం సుమారు పదిరెట్లు. మా చేపలను అమ్మోనియా చంపిందో, ఉప్పు చంపిందో చెప్పలేను. రెండూ ద్వంద్వ సమాసంలా కలిసే పనిచేసి ఉంటాయి.

ఇక ఉప్పునీటి పట్టిక. ఇందులో ప్రతి పరికరమూ సముద్రం ఊరకే చేసే ఒక పనికి బదులు. కుళాయినీటిలోని నైట్రేటు, ఫాస్ఫేటు, గొట్టాలనుంచి వచ్చే రాగి తొలగించడానికి ఆర్.ఓ., దానిపైన అయాన్లను తీసే డి.ఐ. జల్లెడ. రాగి లేశమాత్రమైనా రొయ్యలకు, నత్తలకు, పగడాలకు ప్రాణాంతకం. ఆ నీటిలో కలపడానికి సముద్ర లవణాల మిశ్రమం. వంట ఉప్పు పనికిరాదు, అందులో సముద్రపు మెగ్నీషియం, కాల్షియం ఉండవు. ఉప్పు కొలవడానికి రిఫ్రాక్టోమీటరు. దీనికి వక్రీభవన మాపకం అని పేరు పెట్టుకొన్నాను, నచ్చకపోతే మార్చండి. అలలకు బదులు నీటిని గంటకు పది ఇరవై మార్లు తిప్పే ప్రవాహపు పంపులు. ఆపైన ప్రోటీన్ స్కిమ్మరు. నేను నురుగుతీత అంటాను. సన్నని బుడగలు గొట్టంలో పైకి పోతుంటే కరిగిన మలినాలు వాటికి అంటుకొని, నురుగై, గిన్నెలోకి చేరుతాయి. మా తీరంలో అల వెనుదిరిగినప్పుడు ఇసుకపై మిగిలే నురుగు వంటిదే ఇది. ఇంటి తొట్టిలోని మంచినీటిలో అంతటి నురుగు నిలవదు కనుక అక్కడ దీనితో పనిలేదు.

ఒక పరికరం మరొకదానిని పిలుచుకు రావడం ఇంకొక చిక్కు. పగడపు దిబ్బల చేపలకు 24 నుండి 27 డిగ్రీలు హితం. మా ఇంటి నడవలో మే నెలలో 34 ఉంటుంది. చల్లబరచే చిల్లరు కొనాలి, దాని ధర చిన్న తొట్టి ధరకు ఎన్నో రెట్లు. అది వద్దని నీటిపై ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గవచ్చు, కాని నీరు మరింత ఆవిరవుతుంది. అప్పుడు తగ్గినంత శుద్ధజలాన్ని తనంతట పోసే యంత్రం కావాలి. కరెంటు పోతే? 30 డిగ్రీల వద్ద మంచినీరు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకొంటే, సముద్రపు నీరు 6.2 మాత్రమే ఇముడ్చుకొంటుంది. కనుక ఇన్వర్టరు కూడా ఉండాలి. కొత్తగా తెచ్చిన చేపను వ్యాధి లేదని తేలేవరకు విడిగా ఉంచడానికి మరొక తొట్టి. ఇవన్నీ చెప్పి ఉంటే నేను ఆ చేపలను కొనేవాణ్ణా? కొనను. చెప్పకపోవడానికి కారణమూ అదే.

దీనికి వచ్చే ప్రత్యుత్తరాలు నాకు తెలుసు. మొదటిది: సముద్రం పక్కనే ఉందిగా, బిందెతో తెచ్చుకోరాదా? ఓడరేవు ఊళ్ళో ఒడ్డున ముంచిన నీటిలో చమురూ మురుగూ ఉండవచ్చు. పైగా గోదావరి పాయలు కలిసే మా అఖాతంలో వరదల కాలంలో ఉప్పదనం పడిపోతుంది. బిందెడు తెచ్చినంత మాత్రాన సముద్రం ఇంటికి రాదు.

రెండవది: స్కిమ్మరు లేకుండా చిన్న తొట్లు నడిపేవారున్నారు, ఇవన్నీ కంపెనీల మాయ. ఉన్నారు, కాదనను. వారు వారం వారం నీరు మారుస్తారు, కొలతలు వ్రాసుకొంటారు, చేపలను చాలా తక్కువగా ఉంచుతారు. వారి నేర్పే వారి పరికరం. పద్యం ధారగా చెప్పగలవాడు గణాలు లెక్కపెట్టుకోడు. అది చూసి మొదటిరోజు విద్యార్థికి గణాలు అక్కరలేదని చెప్పే గురువును ఏమంటారు? ఆరంభించేవాడు 150, 200 లీటర్లకు తగ్గవద్దని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే. నీరు ఎక్కువైతే తప్పు నెమ్మదిగా ప్రబలుతుంది, దిద్దుకొనే వ్యవధి ఉంటుంది.

మూడవది నాకు మిక్కిలి బాధ కలిగించేది: "చేపే కదా మాస్టారూ, పోతే ఇంకొకటి." సత్యవ్రతుని దోసిట పడిన చేపపిల్ల కథ మీకు తెలుసు. కమండలంలో ఉంచితే అది చాలలేదు, గంగాళమూ చాలలేదు, మడుగూ చాలలేదు. ఇందులోని దైవతత్త్వం మాట అటుంచండి. శరణన్న ప్రాణికి తగిన చోటు వెదకడం చేరదీసినవాడి బాధ్యత అన్న సంగతి అందులో లేదా? అడుగు పొడవు పెరగగల బంగారుచేపను గాజుగిన్నెలో పెట్టి బల్లమీద అలంకరించేవారు ఆ కథను ఏ చెవిన విన్నారో!

సముద్రపు చేప విషయంలో ఇంకొకటి ఉంది. తొట్లలో అమ్మే సముద్రజాతులలో ఎక్కువ భాగం పెంచినవి కావు, పట్టినవి. 1854లో ఇంగ్లండులో ఫిలిప్ హెన్రీ గాస్ 'ది అక్వేరియం' అనే పుస్తకం వ్రాశాడు. ప్రకృతిపై ప్రేమతోనే వ్రాశాడు. జనం తీరాలమీద పడి రాతిగుంటలను ఊడ్చివేశారు. ఆయన కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో వెలువరించిన జ్ఞాపకాల పుస్తకంలో, చిన్ననాట చూసిన ఆ గుంటల శోభ నశించినందుకు వాపోయాడు. మనకూ ఆ పాఠం అవసరమే. పగడాలను, సముద్రపు గుర్రాలను 2001లో మన వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చారు. విదేశీ వీడియోలలో పగడపు తొట్టి చూసి ముచ్చటపడేవారు, మన సముద్రం నుండి పగడపు కొమ్మ విరవడం నేరమని ముందుగా తెలుసుకోవాలి. క్లౌన్ చేపలను హేచరీలలో పెంచే పద్ధతులను మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ రూపొందించింది. కొనక తప్పదనుకొంటే అటువంటి చోట పుట్టినదా అని అడగండి. మా దుకాణదారుని నేను ఆ మాట అడగలేదు. ఆ తప్పు నాదే.

అడగవలసినది పెద్దదేమీ కాదు. చేపను చూపించే ముందు దానికి కావలసిన సామాను పట్టిక, వేచి ఉండవలసిన వారాలు ఒక పలకమీద వ్రాసి వేలాడదీయమనండి. మందుల సీసామీద మోతాదు వ్రాయరా? ఊపిరి ఉన్నదానిని అమ్మేటప్పుడు ఆపాటి మర్యాద అక్కరలేదా? వ్రాయనివాని దగ్గర కొనకండి. ఆ పట్టిక చదివి, ఇంత మనవల్ల కాదనిపిస్తే వట్టి చేతులతో తిరిగి రండి. అదేమీ చిన్నతనం కాదు.

మా ఇంట ఆ గాజుతొట్టి ఖాళీగానే ఉంది. దానికంటె పెద్దది, వంద లీటర్లది, నడవలో పెట్టాము. స్పాంజి ఫిల్టరు, నీటిమొక్కలు, మంచినీరు. చేపలు ఇంకా లేవు. మనుమడు పరీక్ష గొట్టంలో చుక్కలు వేసి, రంగు చూసి, నోటుపుస్తకంలో తేదీతో వ్రాస్తున్నాడు. నాలుగవ వారం నడుస్తోంది. "ఇంకా ఎన్నాళ్ళు తాతయ్యా?" అని అడుగుతూనే ఉన్నాడు. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా అని వరుసగా వారం రోజులు నీ చేతితో వ్రాసినప్పుడు అని చెప్పాను.

నాతో విభేదించేవారు నిస్సంకోచంగా వ్యాఖ్య వ్రాయండి. ఉప్పునీటి తొట్టిని ఏళ్ళ తరబడి చక్కగా నడుపుతున్నవారు ఉంటే, మీ సామాను పట్టిక మొత్తం, కరెంటు బిల్లుతో సహా, దాచకుండా వ్రాయండి. తరువాత కొనబోయేవాడికి అదే మేలు.