లవ్ అంటే సున్నా

2005 ఫిబ్రవరిలో సానియా మీర్జా హైదరాబాద్ ఓపెన్ గెలిచింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. అప్పుడు నేను ఖమ్మంలో పదో తరగతి. టీవీలో ‘ఫిఫ్టీన్ లవ్’, ‘థర్టీ లవ్’ అని వినబడినప్పుడల్లా మా తమ్ముడూ వాడి స్నేహితులూ పడీ పడీ నవ్వేవాళ్లు. “ఏందిరా ఆ లవ్వు?” అని వంటింట్లోంచి అమ్మ అడిగింది. సున్నా అని చెప్పాను. “అంతేగా మరి” అని ఆమె మళ్లీ పొయ్యి వైపు తిరిగింది. ఆ మాట నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

టెన్నిస్‌లో సున్నాని లవ్ అని ఎందుకంటారు? గుడ్డుని సూచించే ఫ్రెంచి మాట నుంచి వచ్చిందనే కథ బాగా ప్రచారంలో ఉంది గానీ దానికి ఆధారం లేదు. ఫ్రెంచివాళ్లు ‘జీరో’ అనే అంటారు. ఎక్కువమంది ఒప్పుకునే వివరణ వేరు. పందెం డబ్బు లేకుండా ఆడటాన్ని ఇంగ్లీషులో ‘ప్రేమ కోసం ఆడటం’ అన్నారు. 18వ శతాబ్దంలోనే పేకాట లెక్కల్లో ఈ మాట ఉంది. అంటే, ఏమీ రానిచోట ప్రేమ అనే పేరు పెట్టారన్నమాట.

జీతం బత్తెం లేని పనికి మన తెలంగాణలో ఇంతకంటే నిజాయితీ ఉన్న మాట ఉంది: వెట్టి. 1946-51 సాయుధ పోరాటం దొర గడీలో వెట్టిని ఎదిరించింది. మరి ఇంటి వెట్టి? పోరాటం ముగిశాక తమను తిరిగి ఇళ్లకు పొమ్మన్న తీరుని ఆ స్త్రీలే ‘మనకు తెలియని మన చరిత్ర’లో చెప్పుకున్నారు. దొరకి చేస్తే వెట్టి, మొగుడికి చేస్తే ప్రేమ!

కోయ స్త్రీల పాటల కోసం దుమ్ముగూడెం, చర్ల వైపు ఊళ్లకు వెళ్తుంటాను. తునికాకు కాలంలో అక్కడి ఆడవాళ్లు తెల్లవారకముందే అడవికి పోతారు. తెచ్చిన ఆకుని 50 చొప్పున కట్టలు కట్టి కల్లానికి చేరుస్తారు. “రోజుకి ఎంతసేపు పని చేస్తవక్కా?” అని ఒకామెని అడిగితే ఆకు పని లెక్క మాత్రమే చెప్పింది. నీళ్లు, కట్టెలు, వంట, పిల్లలు? “అది పనా? ఇల్లు గదా!” అని నన్నే వింతగా చూసింది. కల్లంలో కట్టకి లెక్క ఉంది. ఇంట్లో ఆమె ఇంకా లవ్ దగ్గరే ఉంది.

అడవిలోనే ఇలా అనుకోకండి. 2024 కాలవినియోగ సర్వే ప్రకారం దేశంలో ఆరేళ్లు పైబడి ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు జీతం లేకుండా రోజుకి 289 నిమిషాలు పని చేస్తే, మగవాళ్లు 88. ప్రభుత్వం సంగతి చూడండి. 2005లోనే మొదలైన ఆశా పథకం ఊరూరా తిరిగే మనిషిని ఉద్యోగి అనదు, వాలంటీర్ అంటుంది. ఇచ్చేదాన్ని జీతం అనదు, ప్రోత్సాహకం అంటుంది. డాక్టరేట్ ఉన్న నన్ను కూడా ఒక కాలేజీలో సెమిస్టర్ అంతా ఉత్తినే చెప్పమన్నారు. “సాహిత్యం మీద ప్రేమ ఉన్నదానివి కదమ్మా!” నాతోపాటు చేరిన మగ లెక్చరర్‌ని ఆయన ప్రేమ గురించి ఎవరూ అడగలేదు.

ప్రేమని డబ్బుతో కొలుస్తావా అంటారు. ఆట మీద ప్రేమ చాలనుకుని ఉంటే బిల్లీ జీన్ కింగ్ తరం యూఎస్ ఓపెన్‌లో 1973లో సమాన బహుమతి సాధించేదా? వింబుల్డన్ 2007 దాకా దిగిరాలేదు. వాళ్లకి ఆట మీద ప్రేమ తక్కువా?

నేను ఈ వ్యాసం ప్రేమతోనే రాస్తున్నాను, పారితోషికం లేదు. కానీ రాయనని చెప్పే హక్కు నాకుంది. చెప్తే నన్నెవరూ కొట్టరు, చెడ్డ తల్లి అనరు. వద్దనే వీలు లేనిచోట ప్రేమ అనే మాటే అబద్ధం.

టెన్నిస్‌లో ఆట మొదలయ్యేటప్పుడు ‘లవ్ ఆల్’ అంటారు. ఇద్దరికీ సున్నాయే. మన ఇళ్లల్లో ఒకరు నలభైతో మొదలుపెడతారు, ఇంకొకరు జీవితమంతా లవ్ దగ్గరే ఆగిపోతారు. ప్రేమ ఉండాలి, సరే. ముందు ఆ 289నీ 88నీ సమానం చేయండి. ఆ తర్వాత ప్రేమ గురించి మాట్లాడదాం.