ముక్కలు పరిచాక మౌనం ఎవరి పక్షం?

పేకాటలో మౌనం తప్పు కాదు. పోకర్‌లోనైతే అది సగం ఆట. చెత్త ముక్కలు పట్టుకుని దర్జాగా పందెం పెంచవచ్చు. ఎదుటివాడు బెదిరి ముక్కలు పారేస్తే లోలోపల నవ్వుకోవచ్చు. బల్ల చుట్టూ కూర్చున్న వారంతా ఈ బుకాయింపుకు ముందే ఒప్పుకున్నవారు. చిక్కల్లా ఆ మౌనం ఎక్కడ ఆగాలన్నదే.

దీపావళి రాత్రి అయిదుగురు మిత్రులు ఆడుతున్నారనుకుందాం. పందేలు ముగిశాయి, ముక్కలు పరిచారు. కొత్తగా ఆట నేర్చిన ఒకాయన తన దగ్గర తొమ్మిదుల జత మాత్రమే ఉందనుకుని నిట్టూర్చాడు. నిజానికి బల్ల మీది మూడు ఆఠీన్లకు చేతిలోని రెండూ కలిస్తే అది ఫ్లష్. ఆ సంగతి తెలియక, రెండు జతలున్న పక్కాయన చిప్స్ కుప్పను తనవైపు లాక్కున్నాడు. ఎప్పుడో ముక్కలు పారేసిన మూడో మిత్రుడి కంట ఇదంతా పడింది. చెబితే ఒక స్నేహితుడికి కోపం, చెప్పకపోతే మరో స్నేహితుడికి నష్టం. 'మనకెందుకులే' అన్నది అప్పుడే తోచే సులువైన మాట.

'తన ముక్కలు తనే చూసుకోవాలి, అదీ నైపుణ్యమే' అన్న వాదన ఉండనే ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగానే తేల్చింది. అయితే కోర్టు చెప్పిన నైపుణ్యం పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవడంలో, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తేల్చుకోవడంలో ఉంది. ముక్కలు బల్ల మీద పరిచాక ఇక ఆడేదేమీ లేదు, మిగిలింది లెక్కే.

పోకర్ నిబంధనలదీ అదే దారి. పందెం సాగుతున్నంతసేపూ ఒకరి ముక్కలపై మరొకరు సలహా ఇవ్వకూడదు. పరిచాక మాత్రం ముక్కలదే తీర్పు. అమెరికా కార్డ్‌రూముల్లో పేరున్న 'రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ పోకర్' ప్రకారం, కుప్ప తప్పు చేతికి పోతోందని గమనించిన ప్రతివారికీ ఆ మాట చెప్పాల్సిన నైతిక బాధ్యత ఉంది. బ్రిడ్జిలోనూ తాము గెలవని ట్రిక్‌ను తెలిసీ తమ ఖాతాలో వేసుకోవడం నిషిద్ధం.

'సరదా ఆటకు ఇంత పట్టింపా?' అనేవారూ ఉంటారు. నిజానికి పట్టింపు ఎక్కువ అవసరమైంది అక్కడే. కాసినోలో డీలర్ ఉంటాడు, కెమెరా ఉంటుంది. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది. అంతకుముందు ఆ తెరల మీద గెలుపెవరిదో సాఫ్ట్‌వేరే తేల్చేది, ఎవరి నిజాయితీతోనూ పని ఉండేది కాదు. ఇంట్లో చాప మీద ఆటకు అంపైర్లు ఆడేవారే. అక్కడ పోయేది వంద రూపాయలే కావచ్చు. కానీ తన తప్పు చూసీ స్నేహితుడు నోరు మెదపలేదని మర్నాడు తెలిస్తే, ఆ లోటు వందతో పూడదు.

చెప్పడానికి కావలసినవి రెండే మాటలు: 'ఆగండి, ఫ్లష్!' గడువు మాత్రం తక్కువ. అవే నిబంధనల ప్రకారం, తర్వాతి పంపకానికి ముక్కలు కలపడం మొదలైతే పాత ఫలితం ఖాయమైనట్లే. ఆ తర్వాత చెప్పేది నిజమే అయినా, దాన్ని క్షమాపణ అంటారు.