గింజ ఇస్తారా? పుల్ల ఇస్తారా?

దసరా దగ్గర పడిందంటే చాలు, షాద్‌నగర్ దాటాక హైవే పక్కన సీతాఫలం గంపలు కనిపిస్తాయి. కారు ఆపి, బేరమాడి, ఓ రెండు డజన్లు కొంటాం. ఇంటికి తెచ్చి బియ్యం డబ్బాలో మాగేస్తాం. తింటాం, గింజలు ఉమ్మేస్తాం. అయిపోయింది.

మిద్దె తోట పెంచేవాళ్లకు మాత్రం అక్కడ అయిపోదు, అక్కడే మొదలవుతుంది. ఆ గింజల్ని కడిగి, నీడలో ఆరబెట్టి, కాగితంలో పొట్లం కడతారు. "అక్కా, నా దగ్గర బాలానగర్ గింజలున్నయ్. నీ దొండ తీగ ఓ ముక్క ఇస్తవా?" అని బేరం పెడతారు. ఇందులో పైసలు ఉండవు. గింజకు తీగ, తీగకు పుల్ల, పుల్లకు మళ్లీ గింజ. ఈ వారం ముచ్చట ఈ ఇచ్చిపుచ్చుకోవడం గురించే.

ముందు ఒక క్లారిటీ. బాలానగర్ అంటే హైదరాబాద్‌లో ఫ్యాక్టరీలున్న బాలానగర్ అనుకునేరు. ఇది పాలమూరు బాలానగర్. షాద్‌నగర్‌కు, జడ్చర్లకు మధ్య, 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది. దేశంలో ఏ ఉద్యాన పుస్తకం తీసినా సీతాఫలం రకాల జాబితాలో 'బాలానగర్' అనే పేరు ఉంటుంది. మహారాష్ట్ర రైతులకు కూడా ఈ పేరు బాగా తెలుసు. మన ఊరి పేరు అంత దూరం ఎట్లా వెళ్లిందంటారా? ఎవరో ఒకరు గింజో పుల్లో పట్టుకెళ్లి ఇంకొకరికి ఇవ్వబట్టే.

తమాషా ఏంటంటే పేరులో సీతమ్మ ఉన్నా, ఈ చెట్టు పుట్టిల్లు ఉష్ణమండల అమెరికా. పోర్చుగీసు వాళ్ల ఓడల్లో ఇటు వచ్చిందని ఎక్కువ మంది చెప్పే మాట. వచ్చి మన రాళ్ల గుట్టల్లో, ఎర్ర చెల్కల్లో ఎంత కలిసిపోయిందంటే, ఎవరూ నాటకుండానే గట్ల మీద మొలుస్తుంది. దీని ఆకును మేక కూడా ముట్టదు. నీళ్లు లేకపోతే ఆకు రాల్చేసి ఊరుకుంటుంది, వాన పడితే లేస్తుంది. పాలమూరులో బతకడానికి ఇంతకంటే ఏం క్వాలిఫికేషన్ కావాలి చెప్పండి!

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీకు ఎవరైనా గింజ ఇచ్చినా, పుల్ల ఇచ్చినా 'మొక్క ఇచ్చారు' అనే అనుకుంటాం. కానీ రెండూ వేర్వేరు సరుకులు. గింజలో తల్లి సగం, తండ్రి సగం. సీతాఫలం పువ్వు ముందు ఆడపువ్వులా విచ్చుకుంటుంది, తర్వాత మగపువ్వులా పుప్పొడి రాలుస్తుంది. ఒకే పువ్వులో ఆ రెండు టైమింగులు కలవవు. చిన్న చిన్న పురుగులు ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు పుప్పొడి మోస్తాయి. కాబట్టి మీరు తిన్న తీపి పండు తల్లిది, గింజలోని తండ్రి ఎవరో తెలీదు. మూడు నాలుగేళ్లు పెంచాక కాయ కాస్తే, అది తల్లిలా ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

పుల్ల అలా కాదు. అది తల్లి చెట్టే. అదే తీపి, అదే కండ, అదే గింజల లెక్క. ఫోన్ భాషలో చెప్పాలంటే ఫుల్ బ్యాకప్.

అయితే సీతాఫలం పుల్లను తెచ్చి మట్టిలో గుచ్చితే వేరు పట్టడం చాలా అరుదు. ఈ విషయంలో అది మహా మొండిది. చలి దేశాల్లో ఎల్డర్‌బెర్రీ అని ఒక పొద ఉంటుంది. అక్కడి తోటమాలులు చలికాలంలో దాని పుల్లలు కత్తిరించి, తడి కాగితంలో చుట్టి, ఒకరికొకరు పోస్టులో పంపుకుంటారు. మట్టిలో గుచ్చితే చాలు, వేళ్లు వచ్చేస్తాయి. మన మునగ కొమ్మలా అన్నమాట. సీతాఫలానికి ఆ సుఖం లేదు. దానికి అంటు కట్టాలి. గింజ నుంచి పెంచిన ఏడాది మొక్కను కింద పెట్టుకుని, దాని మీద మంచి చెట్టు పుల్లను కట్టాలి. ఆ పైన కట్టే పుల్లను సయాన్ అంటారు. అంటే ఇక్కడ గింజా కావాలి, పుల్లా కావాలి. ఒకరి దగ్గర గింజలు, ఇంకొకరి దగ్గర మంచి చెట్టు. ఇద్దరికీ అవసరం కాబట్టే ఈ మార్పిడి ఇన్నాళ్లు నిలబడింది.

పుల్ల అడగడానికి కూడా ఓ టైముంది. పండ్లు తిన్న ఊపులో అక్టోబరులోనే పోయి అడిగితే, తెలిసిన పెద్దమ్మ ఎవరైనా ఇదే చెప్తుంది: "ఇప్పుడు కొడితే ఏం లాభం బిడ్డా, ఆకు రాలనియ్యి. శివరాత్రి ముందర రా." దాని వెనక లెక్క ఉంది. సీతాఫలంలో మొగ్గ ఆకు తొడిమ అడుగున దాక్కుని ఉంటుంది. ఆకు రాలితే తప్ప బయటికి రాదు. చెట్టు నిద్రలో ఉండి, మొగ్గలు ఉబ్బబోతున్నప్పుడు కోసిన పుల్లే అంటుకు పనికొస్తుంది. ఆకులు ఇంకా ఉంటే, కోయడానికి వారం పది రోజుల ముందు తొడిమ మాత్రం వదిలి ఆకును కత్తిరించి ఉంచుతారు. తొడిమ దానంతటదే రాలిపోతుంది, మొగ్గ కళ్లు తెరుస్తుంది. పెన్సిల్ లావు, ఆరంగుళాల పొడవు ఉంటే చాలు. తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఒకటి రెండు రోజుల్లో కట్టేయాలి. బైక్ డిక్కీలో మధ్యాహ్నమంతా ఎండలో ఉంచి సాయంత్రం కడతానంటే అది వంటచెరకే.

దొండ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. చాలామందికి దొండలో ఆడ తీగ, మగ తీగ వేరని తెలీదు. గింజ వేస్తే మగ తీగ రావొచ్చు. పందిరంతా అల్లుకుంటుంది, తెల్లటి పూలు పూస్తుంది, ఒక్క కాయ ఉండదు. అందుకే దొండకు ఎప్పుడూ కాసే తీగ ముక్కే అడగాలి. ఎవరైనా గింజలు ఇస్తే థాంక్స్ చెప్పి, తీగ కూడా అడగండి. మొహమాటం వద్దు.

ఇదంతా హాబీ ముచ్చట అనుకుంటే పొరపాటు. షాద్‌నగర్ నుంచి జడ్చర్ల దాకా హైవేకు రెండు పక్కలా చూడండి. వెంచర్ బోర్డులు, తెల్ల రాళ్లు, మధ్యలో చదును చేసిన ఎర్రమట్టి. అక్కడ గట్ల మీద సీతాఫలం చెట్లుండేవి. వాటికి రిజిస్ట్రేషన్ నంబర్లు లేవు, ఊళ్లో పేర్లుండేవి. ఫలానా బాయి కాడి చెట్టు పెద్ద కాయ, ఫలానా గుట్ట కింది చెట్టు తక్కువ గింజలు, అట్లా. జేసీబీ ఒక్క పూటలో గట్టు చదును చేస్తే ఆ చెట్టుతో పాటు ఆ రుచి కూడా పోతుంది. దాని గింజలు ఎక్కడో మొలవొచ్చు గానీ, ఆ చెట్టు మళ్లీ రాదు. పుల్ల తీసి ఇంకెక్కడైనా కట్టుంటేనే ఉంటుంది.

పక్కనే మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 2018లో చెదలు పడితే, కొమ్మలకు సెలైన్ బాటిళ్లు వేలాడదీసి మందు ఎక్కించారు. దేశమంతా వార్త అయింది. మంచిదే, అంత పాత చెట్టును కాపాడుకోవాల్సిందే. గట్టు మీది సీతాఫలానికి మాత్రం సెలైన్ ఎవరు కడతారు? దానికి మీరూ నేనూ తెచ్చుకునే ఆరంగుళాల పుల్లే దిక్కు. ఊరెళ్లినప్పుడు తాతనో, పెద్దనాన్ననో అడగండి, "మన దిక్కు మంచి కాయ కాసే చెట్టు ఏది?" అని. ఇంకా ఉందో లేదో తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. పుల్ల తల్లిలోని అన్నింటినీ తెస్తుందన్నాం కదా, అందులో రోగం కూడా ఉంటుంది. ఈ పాఠం నల్గొండ బత్తాయి రైతును అడిగితే బాగా చెప్తాడు. అక్కడ తోటలన్నీ అంట్లే. రంగపూర్ నిమ్మ మొక్క మీద సాత్గుడి బత్తాయి మొగ్గ కడతారు. ఆ మొగ్గ రోగమున్న చెట్టుదైతే తోటంతా రోగమే. గ్రీనింగ్ తెగులు సోకిన ఆకు జింకు లోపం ఉన్నట్టే పసుపు మచ్చలతో కనిపిస్తుంది, చూసి పోల్చుకోవడం కష్టం. ఇంకొకటి ట్రిస్టెజా వైరస్. పేనుబంక మోస్తుంది, మొగ్గ కూడా మోస్తుంది. 1930ల నుంచి అర్జెంటీనా, బ్రెజిల్‌లలో కోటికి పైగా నారింజ జాతి చెట్లు దీనివల్ల పోయాయి. ఆ పేరుకు అక్కడి భాషల్లో అర్థం 'దిగులు'. విచిత్రం ఏంటంటే ఈ వైరస్ గింజ ద్వారా రాదు. అలా గింజ రుచికి గ్యారంటీ ఇవ్వకపోయినా కొన్ని రోగాలను గడప దాటనివ్వదు.

అందుకని నిమ్మ, బత్తాయి పుల్లలు మాత్రం ఇంటి మధ్య మార్పిడి వద్దనే నా సలహా. ప్రభుత్వ నర్సరీలోనో, నమ్మకమైన రిజిస్టర్డ్ నర్సరీలోనో అంటు కొనుక్కోండి. సీతాఫలం పుల్లకు పిండినల్లి అంటుకుని ఉందేమో చూడండి, దూది పెట్టినట్టు తెల్లగా ఉంటుంది. సబ్బు నీళ్లతో కడిగి తుడిస్తే సరిపోతుంది. కొత్త మొక్కను మీ పాత కుండీలకు దూరంగా ఓ రెండు మూడు వారాలు ఉంచండి. కొత్తల్లుడిలా మర్యాద చేయండి గానీ, అందరితో ఒకే మంచం మీద కూర్చోబెట్టకండి.

చట్టం ఏమంటుందని కొందరు అడుగుతుంటారు. 2001 నాటి మొక్కల రకాలు, రైతుల హక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. రిజిస్టరైన రకాన్ని బ్రాండు పేరుతో ప్యాకెట్ కట్టి అమ్మడం మాత్రం కుదరదు. ఇదే చట్టం ఇంకో వైపు కూడా పనిచేస్తుంది. మహారాష్ట్రలో షోలాపూర్ జిల్లా బార్శీ దగ్గర నవనాథ్ కస్పటే అనే రైతు ఏళ్ల తరబడి కష్టపడి ఎన్‌ఎంకే-1 గోల్డెన్ అనే సీతాఫలాన్ని తయారు చేసి, ఆ చట్టం కిందే నమోదు చేయించుకున్నాడు. అలాంటి రకం పుల్లలు దొంగచాటుగా తెచ్చి వేల అంట్లు కట్టి అమ్మితే అది పంచుకోవడం ఎట్లా అవుతుంది? ఒక రైతు జేబు కొట్టడమే. గట్టు మీది చెట్టుకు అలాంటి ఓనర్ లేడు. అడగాల్సింది ఆ గట్టాయనను ఒక్కడినే. పోయేటప్పుడు ఆయనకూ ఒక అంటు కట్టి ఇస్తామని చెప్పండి, పుల్ల దొరక్కుండా ఉంటుందా?

విదేశాల్లో ఉన్న అన్నయ్యకో చెల్లెలికో గింజలు పంపుతున్నారా? సూట్‌కేసులో బట్టల మధ్య దాచకండి. అమెరికా అయినా, ఆస్ట్రేలియా అయినా ఎయిర్‌పోర్టులో డిక్లేర్ చేయాల్సిందే. పట్టుబడితే ఫైన్ మీ మీద కాదు, వాళ్ల మీద పడుతుంది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకో మాట. సీతాఫలం గింజను పొడి చేసి పేలకు పట్టించే పాత చిట్కా మీ ఇంట్లో ఎవరైనా చెప్తే వినకండి. ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర దెబ్బతింటుంది. విత్తనం పొట్లాన్ని కూడా పిల్లలకు అందని చోట పెట్టండి.

పొట్లం అనగానే గుర్తొచ్చింది. పాతకాలం వాళ్లు విత్తనాలు బూడిదలో కలిపి, వేపాకు వేసి కుండలో దాచేవాళ్లు. ఏ కుండలో ఏముందో వాళ్లకు గుర్తుండేది. మనకు నిన్న ఫోన్ ఎక్కడ పెట్టామో గుర్తుండదు కాబట్టి పొట్లం మీద రాయండి: ఏ ఊరు, ఏ చెట్టు, ఎవరిచ్చారు, ఏ నెల. పుల్లకైతే టేపు అంటించి రాయండి. 'బాలానగర్' అని ఊరికే రాయకండి, నిజంగా అక్కడి చెట్టుదైతేనే రాయండి. హైవే మీద కొన్న పండు ఏ తోటదో అమ్మేవాళ్లకు కూడా తెలీకపోవచ్చు. అప్పుడు 'రోడ్డు పక్క కొన్నది' అని రాస్తే చాలు. తీసుకునేవాళ్లు దానికి తగ్గట్టు ఆశ పెట్టుకుంటారు.

ఈసారి దాచిన గింజల్ని వచ్చే మిరుగానికి, ఒకటి రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, కవర్లలో పెట్టండి. మొలకకు నెల పైనే పడుతుంది, రోజూ తవ్వి చూడకండి. ఆ పై ఏడాది మాఘమాసానికి మొక్క పెన్సిల్ లావవుతుంది. ఏ చెట్టు పుల్ల కట్టాలో వెతుక్కోవడానికి అప్పటిదాకా టైముంది, చెట్టుకు ఉందో లేదో మాత్రం ఊరెళ్లి చూసి రండి.